ఆషాఢం గాలి చేసిన బెంచీలు

కర్రీ పాయింటు వాళ్ళతో నాకో చిన్న పేచీ ఉంది. సాంబారు కవరుకి వాళ్ళు వేసే ముడి గురించి. నల్లగండ్లలో మా అపార్టుమెంటు కింద ఉన్న పాయింటులో ఒకాయన కవరుని గాల్లో గిర్రున తిప్పి, దారం చుట్టి, కొసని ఎక్కడో లోపలికి దోపి, సర్రున లాగి చేతిలో పెడతాడు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. ఇంటికొచ్చాక ఆ ముచ్చట ఉండదు. గోటితో రాదు, పంటితో రాదు. కత్తెర పెడితే సగం సాంబారు గట్టు మీదికి పోతుంది. వేసేవాడు విప్పేవాళ్ళ గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించడు. రిటైరయ్యాక మనిషికి ఇలాంటి పెద్ద విషయాల మీద మనసు పెట్టే తీరిక దొరుకుతుంది.

ముడి సంగతి అలా ఉంచితే, ఆ కవరంటే నాకు గౌరవమే. వేలికి తగిలించుకుని నడిచేటప్పుడు చూడండి. ఎక్కడ ఎంత బరువు దించాలో లోపలి సాంబారు తనే నిర్ణయించుకుంటుంది. కింద గుండ్రంగా, పైకి పోయేకొద్దీ సన్నగా, ఎక్కడా ఒక్క మూల లేకుండా. అంత నునుపైన వంపుని చేత్తో గీయమంటే నాకు తెలిసిన డిజైనర్లెవరూ గీయలేరు, నాతో సహా. భూమి లాగుతుంది, సంచి లొంగుతుంది, అంతే.

నా ఉద్యోగమంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరిగింది. నేను కుర్చీలూ బల్లలూ చేసేదాన్ని. సరిగ్గా చెప్పాలంటే, వాటిని చేసిపెట్టమని బరువునీ, వాననీ, గాలినీ బతిమాలేదాన్ని. ఇప్పుడీ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి "ఎలా ఉండేది మేడం?" అని అడుగుతుంటారు. ప్రమోషన్ల సంగతి చెబితే వాళ్ళకి నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. అందుకని పనికొచ్చేవి మాత్రం చెబుతాను.

వెనక షెడ్డు

మా కంపెనీ ఆఫీసులకి బల్లలు చేసేది. మాదాపూర్‌లో ఎవరైనా మోచేతులు ఆనించి కోడు రాస్తున్నారంటే ఆ బల్ల మాది అయ్యుండే అవకాశం గట్టిగానే ఉంది. ఒకే పొడవు, ఒకే ఎత్తు, ఒకే బూడిద రంగు. ఒక బల్లకీ ఇంకో బల్లకీ తేడా కనిపిస్తే దాన్ని వెనక్కి పంపేవాళ్ళం. మంచి పనే. మా అందరి జీతాలూ అందులోంచే వచ్చేవి.

ఓనరు శేషగిరి గారిది భీమవరం వైపు. పంచాంగం చూడకుండా డ్రిల్లు మిషను కూడా కొనని మనిషి. అయినా ఏ వేళ ఏ దేవుడు పలికాడో గానీ, కొండాపూర్‌లో ఫ్యాక్టరీ వెనక ఉన్న రేకుల షెడ్డు నాకు అప్పగించి, "ఏదైనా కొత్తది చెయ్యమ్మా, నలుగురూ చెప్పుకునేలా ఉండాలి" అన్నారు. నలుగురూ చెప్పుకున్నారు. ఏమని చెప్పుకున్నారనేది వేరే సంగతి.

షెడ్డులో నాకు తోడు నర్సింహ. వెల్డింగు, ఫ్రేములు, అచ్చులు అన్నీ అతనే. నా వయసువాడే అయినా నన్ను "అక్కా" అంటాడు. పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ అది ఎలా చెడిపోతుందో వివరంగా చెబుతాడు. ఎప్పుడూ చెడిపోయేది గానీ అతను చెప్పినట్టు మాత్రం కాదు. ఇద్దరం కలిసి ఒక పూర్తి మనిషితో సమానమని నా అంచనా.

శేషగిరి గారు వారానికోసారి షెడ్డుకి వచ్చేవారు. మేం చేసినవాటి చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని ఒక ప్రదక్షిణం చేసేవారు. ఎప్పుడూ ఒకటే ప్రశ్న.

"ఎవరైనా కూర్చుంటారా దీనిమీద?"

"మీరు కూర్చోండి సార్."

"నేను నిలబడ్డానులే. నువ్వు కూర్చో."

అన్నేళ్ళలో నేను చేసిన దేనిమీదా ఆయన కూర్చోలేదు. బాసుని అంచనా వేయడానికి ఇంతకంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు. మీ ఉద్యోగంలో కూడా బాసు మీ పనిని మెచ్చుకోవడం చూసి మురిసిపోకండి. వాడుకుంటాడేమో చూడండి.

వాన బల్ల

మొదటి పెద్ద ప్రయోగం వానది. మట్టిని బల్లంత గుట్టగా పోసి, శ్రావణం వానలకి ఆరుబయట వదిలేశాం. వాన దాని మీద కాలవలు తీసింది, చిన్న చిన్న లోయలు కోసింది, ఒక మూల అచ్చంగా నది ముఖద్వారంలా చీలికలు చేసింది. రేకు మీద చినుకు చప్పుడైతే చాలు, నేను గొడుగు కూడా మర్చిపోయి పరిగెత్తేదాన్ని. ఈ రోజు ఏం గీసిందో అని! ఆ ఆత్రం చెబితే అర్థం కాదు. పరీక్షల రిజల్ట్స్ రోజున ఉంటుంది చూడండి, అలాంటిది. కాకపోతే ఇక్కడ పరీక్ష రాసేది ఆకాశం.

ఆ మట్టి మీద అచ్చు తీసి సిమెంటుతో బల్ల పోశాం. అద్భుతంగా వచ్చింది. చూసినవాళ్ళందరూ నోరు తెరిచారు. తర్వాత ఎవరో టీ గ్లాసు పెట్టారు. గ్లాసు మెల్లగా లోయలోకి జారి, కాలవ వెంబడే ప్రయాణించి, నది ముఖద్వారం దగ్గర కింద పడింది.

"దారి మస్తుగ తెల్సు గ్లాసుకు" అన్నాడు నర్సింహ.

వానకి టీ తాగే అలవాటు లేదు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ప్రకృతి ఒక రూపం ఇస్తుంది, నిజమే. అది ఎందుకు పనికొస్తుందో చూసుకోవడం మాత్రం మన పనే. చాలామంది అందమైన రూపం రాగానే పని అయిపోయిందనుకుంటారు. అక్కడే మొదలవుతుంది.

వాన బల్ల తర్వాత నీళ్ళ సంచి స్టూలు వచ్చింది. దానికి ప్రేరణ ఏమిటో మీకిప్పటికే తెలుసు. అదీ చూడ్డానికి బాగుంది. దానిమీద కూర్చున్నవాళ్ళు "బాగుంది" అంటూనే లేచి నిలబడేవారు. శేషగిరి గారు ఇవన్నీ చూసి ఒకరోజు షెడ్డు గుమ్మంలో ఆగిపోయారు.

"చూడమ్మా, వర్క్‌స్టేషన్లు పెట్టడానికి చోటు చాలడం లేదు. వచ్చే దసరాకి ఈ షెడ్డు గోడౌన్ చేద్దామనుకుంటున్నాను. ఈలోపు జనం తమంతట తాము వచ్చి కూర్చునేది ఒక్కటి చెయ్యి. ఒక్కటంటే ఒక్కటే. కూర్చుంటే షెడ్డు నీది."

నర్సింహకి సొంత షాపు ఉంది, నాకు బల్లల సెక్షన్లో సీటు ఉంది. ఎవరికీ పస్తులుండే పరిస్థితి లేదు. కానీ ఆ షెడ్డు పోతే నేను మిగతా జీవితమంతా బూడిద రంగు బల్లల మధ్య తేడాలు వెతుకుతూ గడపాలి. ఆ రోజు ఇంటికెళ్ళేటప్పుడు నా మనసు అంత ఉల్లాసంగా లేదని చెప్పడం అబద్ధం కాదు.

సందు

అప్పుడే ఆ సందు మా దగ్గరికి వచ్చింది. మాదాపూర్‌లో ఒక క్యాంపస్. రెండు అద్దాల టవర్లు, మధ్యలో పొడవాటి సందు. మొక్కలు పెట్టారు, రాళ్ళు పరిచారు, లైట్లు పెట్టారు. మనుషులు మాత్రం అక్కడ ఆగేవారు కాదు, ఎందుకంటే ఆ సందులో ఎప్పుడూ గాలి. బిర్యానీ డబ్బా మూత తెరిస్తే పక్క కంపెనీలో దొరికేది. మెడలో ఐడీ కార్డులు వీపు మీద ఎగిరేవి. ఫెసిలిటీస్ మేనేజరు మాధవి, చురుకైన ఇంజనీరు, మమ్మల్ని పిలిపించింది.

"మేడం, పన్నెండు చోట్ల తిరిగాను. అందరూ కేటలాగ్ బెంచీలే చూపిస్తున్నారు. అవి వేస్తే కూడా ఎవరూ కూర్చోరు. ఈ గాలికి ఏదైనా సొల్యూషన్ ఉందా?"

నేను సందు మధ్యలో నిలబడ్డాను. చున్నీ ఎగిరి మొహానికి చుట్టుకుంది. ఆ చున్నీ లోపలే నాకు బెంచీ కనపడింది. అతిశయోక్తి కాదు. గాలికి బట్ట ఎలా పొట్టలా ఉబ్బుతుందో అచ్చంగా అదే ఆకారం! గోనెపట్టాని సిమెంటు పాలలో ముంచి, ఈ సందులోనే ఫ్రేముకి వేలాడదీస్తే, గాలి దాన్ని ఉబ్బిస్తుంది. అలాగే గట్టిపడనిస్తే లోపలివైపు మనిషి పట్టేంత గుంట వస్తుంది. తర్వాత దాన్ని వెనక్కి తిప్పి పెడితే, గాలి తను చేసిన పొట్టకే వచ్చి తగిలి రెండు పక్కలకీ జారిపోతుంది. గుంటలో కూర్చున్నవాడికి గాలి తగలదు. గాలికి అడ్డం పెట్టే గోడని గాలి చేతే కట్టించడమన్నమాట!

నేను ఇదంతా చున్నీ లోంచే చెప్పాను. మాధవి సగమే విన్నట్టుంది, అయినా "సూపర్" అంది.

నర్సింహ తల గోక్కున్నాడు. "అక్కా, గోనెసంచి ఎగిరిపోతది. ఫ్రేము గిట్ల ఆగదు."

"ఆగేటట్టు చెయ్యి మరి."

"చేస్త. గానీ ఎగిరిపోతది."

మాఘంలో ఒక బుధవారం సందులోనే ఒక మూల చిన్న ముక్కతో నమూనా చేశాం. గాలి గంటల తరబడి ఆగకుండా, ఒకే ఊపులో వీచింది. గోనెపట్టా ఉబ్బి అలాగే బిగుసుకుంది. చేత్తో తడిమితే గుడ్డ నేత కూడా తెలుస్తోంది, కానీ రాయి! నేను సంతోషం పట్టలేక నర్సింహ వీపు మీద ఒకటి చరిచాను. అతను కూడా ఆ రోజు ఏమీ చెడిపోతుందని చెప్పలేదు. శేషగిరి గారు ఉత్సాహపడి బ్రోషర్ కూడా అచ్చు వేయించారు. "దక్కను గాలి సంతకం" అని పైన పెద్ద అక్షరాల్లో. ఆ మాట నాదే. అచ్చులో చూసుకుని రెండు రోజులు నడక మార్చాను.

ఆదివారం ఏం జరిగిందంటే

ఆఫీసు రోజుల్లో సందు మూసేయడం కుదరదు కనుక ఆరు బెంచీల పనికి చైత్రంలో ఒక ఆదివారం ఇచ్చారు. తెల్లారేసరికి ఫ్రేములు నిలబెట్టాం. సిమెంటు పాలు కలిపాం. గోనెపట్టాలు ముంచి వేలాడదీశాం. గాలి కోసం చూశాం.

గాలి లేదు.

ఆరు పట్టాలూ కదలకుండా, దండెం మీద బనియన్లలా నిలువుగా వేలాడుతున్నాయి. సిమెంటు చుక్కలు టప్ టప్ మని కింద పడుతున్నాయి. ఆ చప్పుడు అంత స్పష్టంగా వినపడుతోందేమిటా అని నాకు అనుమానం వచ్చింది. ఆ సందులో నేనెప్పుడూ ఇంత నిశ్శబ్దం వినలేదు. రోజూ వెనకాల ఒక హోరు ఉండేది.

మాధవికి ఫోన్ చేశాను. "ఇవాళ ఏదో శబ్దం రావడం లేదు?"

"ఏసీలు మేడం. సండే కదా, టవర్ మొత్తం ఆఫ్. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కూడా ఆఫ్."

"ఆ ఎగ్జాస్ట్ ఎక్కడికి వదులుతారు?"

మాధవి చిన్న గొంతుతో, "సందులోకే మేడం."

ఫోన్ పెట్టేసి నర్సింహ వైపు చూశాను. అతను అంతా విన్నాడు.

"ఏందక్కా? మనం ఇన్ని రోజులు దక్కను గాలి అన్కున్నది ఏసీ గాలా?"

"అవును."

"సంతకం గూడ దానిదేనా?"

"దానిదే."

అతను బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. నేను ఒక నిమిషం ఆగి నవ్వాను. అంతకంటే చేయగలిగింది కూడా లేదు, సిమెంటు అప్పటికే గట్టిపడుతోంది. ఆరు పలకలు తయారయ్యాయి, ఒక్క వంపు లేకుండా, మా ఫ్యాక్టరీ బల్లల కంటే నిటారుగా.

పిల్లలకి ఒక మాట చెబుతాను. ఒక చోట ఏదైనా పెట్టాలంటే ఆ చోటుని పనిరోజున చూడండి, సెలవురోజున చూడండి, ఎండలో, వానలో చూడండి. మేం నలుగురం చదువుకున్నవాళ్ళం కలిసి ఒక టవరు వదిలే ఊపిరిని పీఠభూమి గాలి అనుకున్నాం. ఇలాంటి తప్పు ఇంకెక్కడా జరగదు. హైటెక్ సిటీలోనే జరుగుతుంది.

శేషగిరి గారు పెద్దగా కంగారుపడలేదు. "గాలి గాలేనమ్మా. రెండు పెద్ద ఫ్యాన్లు అద్దెకి తెప్పించు. ఎవరికి తెలుస్తుంది?"

"ఫ్యాను గాలికి నడిమధ్యలో పొట్ట వస్తుంది సార్. ఆ సందులో అసలు గాలి వచ్చినప్పుడు అది ఎటునుంచి వస్తుందో, ఏ గోడకి తగిలి ఎటు తిరుగుతుందో ఫ్యానుకి తెలీదు. ఫ్యాను చేసిన బెంచీ అసలు గాలిని ఆపలేదు. అందులో ఎవరూ కూర్చోరు."

కూర్చోరు అన్న మాట ఆయన మీద పని చేసింది. "మరి అసలు గాలి ఎప్పుడొస్తుంది?"

నేను ఇక్కడ పుట్టి పెరిగినదాన్ని. చిన్నప్పుడు ఏ నెలలో మేడ మీద ఆరేసిన బట్టలు పక్క వీధిలో వెతుక్కునేవాళ్ళమో నాకు బాగా తెలుసు.

"ఆషాఢంలో సార్."

ఆయన మొహం చూస్తే ఏదో అశుభవార్త చెప్పినట్టుంది.

ఆషాఢం

కోస్తా వాళ్ళకి ఆషాఢమంటే ఏ శుభకార్యమూ తలపెట్టకూడని నెల. శేషగిరి గారికైతే ఆ నెలలో కొత్త చెప్పులు కూడా తొడగడం ఇష్టం ఉండదు.

"ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టడమా? వద్దమ్మా. శ్రావణం రానీ, మంచి రోజు చూసి చేద్దాం."

"శ్రావణానికి గాలి తగ్గిపోతుంది సార్."

"మరి వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడాదికి షెడ్డు ఉండదు కదా సార్."

ఆయన పైకి చూశారు. రేకు తప్ప అక్కడ ఇంకేమీ లేదు.

నర్సింహ ఇక ఊరుకోలేకపోయాడు. "సార్, మాకు ఆషాఢమంటే బోనాలు. అమ్మవారి నెల. గా నెలల మేము ఇల్లిల్లూ కడిగి, ముగ్గులేసి, డప్పులతోని పోతం. మీకు కీడు నెల ఎట్లైంది? అమ్మవారికి లేని ఫికర్ మీకెందుకు?"

"నీ అమ్మవారు నాకూ అమ్మవారేనయ్యా. కానీ మా ఇంట్లో పద్ధతి వేరు."

"పని మొదలువెట్టొద్దు, అంతే గద? ముందే మొదలైన పని నడిపిస్తె తప్పేంది?"

శేషగిరి గారు అతని వైపు తిరిగారు. పంచాంగం నమ్మే మనిషికి చిక్కు ముడి ఎలా కనపడుతుందో, దాన్ని దాటే సందు కూడా అంతే చప్పున కనపడుతుంది. "అంటే... జ్యేష్ఠంలోనే కొబ్బరికాయ కొట్టేస్తే..."

"మొదలైనట్టే సార్" అన్నాను నేను.

జ్యేష్ఠం ముగిసే ముందు ఒక మంచి ముహూర్తాన శేషగిరి గారు సందులోకి వచ్చి, ఫ్రేముకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, గరిటెడు సిమెంటు పాలు తన చేత్తో కలిపారు. ఆ గరిటెడు సిమెంటుతో పని శాస్త్రప్రకారం ప్రారంభమైంది. ఈలోగా మాధవి కూడా ఎగ్జాస్టుకి రేకు గొట్టం వేయించి ఏసీ గాలిని పైకి మళ్ళించింది. ఇక సందులోకి వచ్చే గాలి ఏదైనా అసలుదే.

ఆషాఢం రెండో ఆదివారం. నేను వెళ్ళేసరికే సందు ఊళ వేస్తోంది! పడమటి నుంచి వచ్చిన గాలి మూల తిరిగి, ఎడమ టవరు అద్దానికి తగిలి, ఒక పక్కకి మెలి తిరిగి పోతోంది. అదుగో, ఫ్యానుకి తెలియని సంగతి అదే. రోడ్డు అవతల ఎక్కడో బోనాల డప్పులు. మబ్బులు పరుగెడుతున్నాయి. పట్టా తడిపి పైకెత్తగానే అది మా చేతుల్లోంచి గుర్రంలా లాక్కుంది.

"వట్టుకో అక్కా! వట్టుకో!"

"పట్టుకున్నా! నువ్వు కట్టు!"

"గట్టిగ వట్టు! నా మాట ఇన్లేదు, ఎగిరిపోతదని అప్పుడే చెప్పిన!"

ఒకటి కట్టాం. ఉబ్బింది! పొట్ట నడిమధ్యలో కాదు, కుడివైపుకి ఒరిగి, పైన కొంచెం ముందుకి వంగి, మనిషి తల వాల్చుకునేలా. నేను ఎంత గీసినా ఆ ఒరుగు గీయలేకపోయేదాన్ని. రెండోది, మూడోది. ఒక్కొక్కటీ సందులో దాని చోటుని బట్టి ఒక్కోలా ఉబ్బింది. ఒకదానికి ఒకటి పోలిక లేదు. మా ఫ్యాక్టరీలో అయితే అన్నిటినీ వెనక్కి పంపేసేవాళ్ళు! నేను ఎక్కడ ఉన్నానో, వయసెంతో మర్చిపోయి అటూ ఇటూ పరిగెత్తాను. నర్సింహ అరుస్తున్నాడు, నేను అరుస్తున్నాను, గాలి మా ఇద్దరి కంటే పెద్దగా అరుస్తోంది.

ఆరోది కడుతుండగా ముడి జారింది. పట్టా లేచి, ఒక్క క్షణం మా నెత్తి మీద గొడుగులా విచ్చుకుని, రెండో అంతస్తు అద్దం మీద తడి చపాతీలా చప్పున అతుక్కుంది. నర్సింహ దానివైపు చూశాడు. ఉద్యోగ జీవితంలో మొదటిసారి అతను చెప్పినట్టే చెడిపోయింది. ఆ మొహంలో వెలుగు చూసి నాకు కోపం రాలేదు.

మాధవి పరుగెత్తుకొచ్చి పైకి చూసింది. "మేడం, అది వైస్ ప్రెసిడెంట్ గారి కేబిన్."

"వ్యూ కొంచెం తగ్గుతుంది" అన్నాను.

స్క్రీను మీద గాలిని గీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా వచ్చాయి, మంచివే, వాడండి. కానీ ఆ గాలి ఎప్పుడూ చెప్పినట్టు వింటుంది. మన మాట వినని గాలిని ఒక్కసారైనా రెండు చేతులతో పట్టుకోకపోతే ఈ పనిలో ఉన్న ఆనందం ఏమిటో మీకు ఎవరూ చెప్పలేరు.

తాడు

అయిదు బెంచీలూ ఆరాక వెనక్కి తిప్పి నిలబెట్టాం. నేను ఒక దాంట్లో కూర్చున్నాను. రెండడుగుల అవతల ఎండుటాకులు గిర్రున తిరుగుతున్నాయి. నా చెంప మీద వెంట్రుక కదల్లేదు. పేపర్ నాప్కిను ఒళ్ళో పెట్టుకుని చూశాను. అది కూడా కదల్లేదు! ఆ నాప్కినుని చాలా రోజులు దాచుకున్నాను. ఎవరికి చూపించినా ఖాళీ నాప్కినే కనపడేది.

శ్రావణం మధ్యలో శేషగిరి గారిని తీసుకుని వెళ్ళాను. దసరా ఎంతో దూరం లేదు. తీర్పు ఆ రోజే. లంచ్ టైము, వాన ముందర లేచిన గాలి, సందు నిండా జనం. బెంచీల మీద ఒక్కరూ లేరు.

అయిదు బెంచీల చుట్టూ ఎర్ర తాడు. ముందు ఇత్తడి రేకు మీద నగిషీగా రాసిన బోర్డు: "గాలి చెక్కిన శిల్పాలు. దయచేసి తాకరాదు, కూర్చోరాదు." ఇద్దరు అమ్మాయిలు తాడు బయట నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నారు. వాళ్ళ చేతుల్లో టిఫిన్ డబ్బాలు, మూతలు ఎగిరిపోకుండా బొటనవేళ్ళతో అదిమి పట్టుకున్నారు.

మాధవి నా దగ్గరికి వచ్చి తల దించుకుంది. "మేడం, పైవాళ్ళకి బాగా నచ్చాయి. నిజంగా గాలి చేసిందంటే నమ్మలేదు. పాడైపోతాయని..."

జీవితంలో నా పనికి దొరికిన అతి పెద్ద మెప్పు అదే. దాని దెబ్బకి షెడ్డు పోయేలా ఉంది.

శేషగిరి గారు చేతులు వెనక్కి కట్టుకుని తాడు పక్కన ప్రదక్షిణం మొదలుపెట్టారు. "బాగుందమ్మా. నిజంగానే బాగుంది. కానీ ఎవరు కూర్చుంటున్నారు? నేను అడిగిందేమిటి?"

నేను తాడు పైకెత్తి పట్టుకున్నాను.

"కూర్చోండి సార్."

"నేను నిలబడ్డానులే."

"ఇన్నేళ్ళ నుంచి నిలబడే ఉన్నారు సార్. ఈ ఒక్కసారి కూర్చోండి. బాగోలేకపోతే షెడ్డు తాళం చెవి ఇప్పుడే ఇచ్చేస్తాను."

ఆయన నా మొహం చూశారు, నర్సింహ మొహం చూశారు. నర్సింహ ఏదో చెడిపోతుందని చెప్పబోయి ఊరుకున్నాడు. సారు తాడు కింద నుంచి వంగి వెళ్ళి, పంచె సర్దుకుని, బెంచీ అంచున ఆనుకున్నారు. బెంచీ ఆయన్ని అంచున ఉండనీయలేదు. మెల్లగా లోపలికి తీసుకుంది. వీపు ఆనింది, తల ఆ ఒరుగు మీద వాలింది. చేతులు, అన్నేళ్ళూ వెనక్కి కట్టుకున్న చేతులు, ముందుకొచ్చి పొట్ట మీద పడ్డాయి.

చుట్టూ గాలి హోరు. ఆయన జుట్టు మాత్రం దువ్వినట్టే ఉంది.

"ఇక్కడ గాలి లేదే" అన్నారు ఆశ్చర్యంగా.

కాసేపటికి కళ్ళు మూశారు. ఫోన్ మోగితే తీయలేదు. ఇంకాసేపటికి సన్నగా గురక మొదలైంది. మెడలో ఐడీ కార్డు లేని పెద్దాయన శిల్పంలో నిద్రపోతుంటే సెల్ఫీ అమ్మాయిలు ఒకరినొకరు చూసుకున్నారు.

"అంకుల్ కూసున్నడు గదనే. మనం కూసుంటే ఏమైతది?" అంది ఒకమ్మాయి.

తాడు దాటి పక్క బెంచీలో కూర్చున్నారు. డబ్బా మూత తీశారు. మూత ఎగరలేదు. అది చూసి ఇంకో ముగ్గురు వచ్చారు. మాధవి బోర్డు తిప్పి గోడకి ఆనించి పెట్టింది. నేను తాడుని చుట్ట చుడుతూ నిలబడ్డాను.

అయిదు బెంచీలూ నిండాక, ఫోన్ మళ్ళీ మోగి శేషగిరి గారు కళ్ళు తెరిచారు. ఎదురుగా అన్నాలు తింటున్న జనాన్ని చూశారు. అలా వాలి ఉండగానే ఫోన్ ఎత్తారు.

"ఆఁ, స్టోర్సేనా? వర్క్‌స్టేషన్ల గోడౌన్‌కి వేరే చోటు చూడండి. ఆ షెడ్డు ఖాళీ లేదు."

నర్సింహ నా వైపు చూసి గట్టిగా ముక్కు చీదుకున్నాడు.

సారు ఫోన్ జేబులో పెట్టుకుని లేవబోయారు. లేవలేదు. అటు ఒరిగారు, ఇటు ఒరిగారు. పట్టుకోవడానికి ఎక్కడా ఒక్క మూల లేదు, గాలి ఎక్కడా ఒక్క మూల వదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించి, ఇంకొంచెం లోపలికి పోయారు. పక్క బెంచీలో అమ్మాయిలు నవ్వు ఆపుకోలేక డబ్బాల్లోకి తలలు దించారు. నేనొక చెయ్యి, నర్సింహ ఒక చెయ్యి పట్టుకుని లాగితే ఆయన సాంబారు కవరంత మెత్తగా, అంత బరువుగా పైకొచ్చారు. పంచె సర్దుకున్నారు. బెంచీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు.

"కూర్చోబెట్టేదాకా ఆలోచించావు, సరే. మరి లేవడం గురించి ఎవరు ఆలోచిస్తారమ్మా?"